కలకత్తా చైనా టౌన్‌లో రెండు పూటల భోజనం

(రాయపూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం విహారయాత్ర. ప్రతి ఏడూ ఈ అంశం కింద ఎవరో ఒకరు కాశీ గురించో, రామేశ్వరం గురించో, చార్‌ధామ్ గురించో చెప్తూ వస్తున్నారు. నేను తిండి గురించి చెప్తాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్మీ సర్వీస్ కోర్‌లో సప్లై పని చేసినవాణ్ణి. మిగతా ఫౌజు అంతా శత్రువు ఎక్కడున్నాడని చూస్తే మేం బియ్యం ఎన్ని బస్తాలున్నాయి, పప్పు ఎన్నాళ్లకు వస్తుంది, మాంసం లారీ సేలా కనుమ దాటిందా లేదా అని చూసేవాళ్లం. చదివింది ఇంటర్మీడియట్. పెద్ద పెద్ద మాటలు రావు. లంగర్ దగ్గర మాట్లాడినట్టే మాట్లాడతాను.

నేను చెప్పబోయేది కలకత్తా చైనా టౌన్ గురించి. ఇప్పుడు కోల్‌కతా అనాలి గానీ నా నోటికి కలకత్తాయే వస్తుంది, అలవాటు పోలేదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో చైనా టౌన్ చూసే ఉంటారు. ఫోటోలు మాకూ చూపించారు, సంతోషం. కానీ మన రాయపూర్ నుంచి సాయంత్రం హౌరా మెయిల్ ఎక్కితే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద తెలుగు వింటూ తెల్లారేసరికి హౌరాలో దిగుతాం. అక్కడినుంచి అరగంట దూరంలో రెండు వందల ఏళ్లు దాటిన చైనా టౌన్ ఉంది. దానికి వీసా అక్కర్లేదు.

ఈ అంశం ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది కూడా ముందే చెప్పేస్తాను. 2020 జూన్‌లో గల్వాన్ జరిగింది. ఇరవైమంది జవాన్లు పోయారు. అందులో 16 బీహార్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు గారు మన సూర్యాపేట బిడ్డ. ఆయనకు తరువాత మహావీర చక్ర ఇచ్చారు. ఆ వారం మన ఇళ్లలో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ కోపంలోనే ఒక కేంద్ర మంత్రి చైనా వంటకాలు అమ్మే హోటళ్లు మూసేయాలన్నారు. మన సంఘంలో కూడా కొందరు మిత్రులు వార్షికోత్సవం విందులో పిల్లల కోసం పెట్టే నూడుల్స్, మంచూరియా ఇక పెట్టకూడదన్నారు. నేను ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు, అది మాట్లాడే సమయం కాదు. ఇప్పుడు మాట్లాడతాను.

ముందు మంచూరియా సంగతి. మన తెలుగు ఊళ్లలో సాయంత్రం అయితే బండి మీద గోబీ మంచూరియా లేని సెంటర్ లేదు. ఇక్కడ తెలీబాంధా చెరువు గట్టున కూడా అంతే. మంచూరియా అన్నది చైనాలో ఈశాన్య భాగానికి పాత పేరు. ఆ ప్రాంతంలో ఈ వంటకం లేదు. దీన్ని కనిపెట్టింది నెల్సన్ వాంగ్ అనే ఆయన. కలకత్తాలో చైనా కుటుంబంలో పుట్టారు, బొంబాయి వచ్చి క్రికెట్ క్లబ్‌లో వంట చేస్తుండగా 1975లో ఎవరో కొత్తగా ఏదైనా పెట్టమంటే, మనం ఇగురు కూరకు వేసుకునే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, మసాలా బదులు సోయా సాసు, గంజిపిండి కలిపి కోడిమాంసానికి పట్టించారు. కోడి బదులు కాలీఫ్లవర్ వేస్తే మన గోబీ అయింది. మంచూరియా మానేస్తే బీజింగ్‌కు పైసా నష్టం లేదు. నష్టపోయేది క్యాబేజీ పండించే రైతు, బండి నడిపే కుర్రాడు. ఆ కుర్రాడు కూడా ఇక్కడ ఎక్కువగా దుర్గ్ వాడో, ఒడిశా వాడో అయి ఉంటాడు.

ఇక చైనా టౌన్. కలకత్తాలో అవి రెండు. పాతది లాల్‌బజార్ పోలీసు హెడ్‌క్వార్టర్స్ వెనక, పోద్దార్ కోర్టు అనే పెద్ద భవనం పక్కన. దాని పేరు టిరెట్టా బజార్. అది చైనా పేరు అనుకుంటారు, కాదు. ఇటలీలోని వెనిస్ నుంచి వచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో వీధులూ కట్టడాలూ చూసుకున్న ఎడ్వర్డ్ టిరెట్టా అనే ఆయనది ఆ బజారు. ఇటలీవాడి బజారులో చైనావాళ్లు కాపురం పెట్టి ఇంగ్లీషువాడికి బల్లలూ కుర్చీలూ చేసిపెట్టారు. ఊరంటే అలాగే పుడుతుంది. రెండోది తూర్పు వైపు బైపాస్ రోడ్డుకు దగ్గరలో ఉన్న ట్యాంగ్రా. పొద్దున తినాలంటే టిరెట్టా, మధ్యాహ్నమో రాత్రో తినాలంటే ట్యాంగ్రా. ఈ క్రమం మార్చకండి. టిరెట్టాలో ఎనిమిది దాటాక వెళ్తే ఖాళీ గిన్నెలు కనిపిస్తాయి.

నేను మా ఆవిడతో 2024 జనవరిలో వెళ్లాను. మాది శ్రీకాకుళం జిల్లా, ఆవిడది అమలాపురం వైపు. ఆవిడ శనివారం నీచు ముట్టదు కాబట్టి శనివారం రాత్రికి చేరి ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ఆదివారమే మంచిది, అమ్మేవాళ్లు ఎక్కువమంది వస్తారు. సెంట్రల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచే దూరం. ఆరు గంటలకు ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. రోడ్డు పక్కన అల్యూమినియం గిన్నెల మీద గిన్నెలు పేర్చి, కింద స్టవ్, పైనుంచి ఆవిరి. మనం ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు వచ్చే ఆవిరే. ఒక పక్క చైనా ముసలమ్మ, ఆ పక్కనే బీహారీ పూరీ, జిలేబీ. చైనా వాళ్ల సంఖ్య తగ్గిపోయింది, ఇప్పుడక్కడ సగానికి సగం పూరీలే అని పాతవాళ్లు బాధపడతారు.

ఏమేం ఉంటాయంటే, పావ్ అని ఒకటి ఉంటుంది. తెల్లగా, మెత్తగా, లోపల మాంసం కూరిన ఆవిరి కుడుము అనుకోండి. మోమోలు మీకు తెలుసు. సిక్కింలో, అరుణాచల్‌లో పనిచేసినవాళ్లకు అవి ఇంటి తిండి కిందే లెక్క. సుయ్‌మై అని పైన మూతి తెరిచి ఉన్న చిన్న మోమోలు. నువ్వులు అద్దిన గుండ్రటి ఉండలు, నూనెలో వేయించినవి, లోపల తియ్యగా ఉంటుంది. మన పూర్ణం బూరెకు నువ్వులు అద్దితే ఎలా ఉంటుందో అలా. చేప ఉండల సూపు. ఇక ఆకులో చుట్టి దారంతో కట్టిన అన్నం పొట్లాలు. వాటిని చూడగానే మా ఆవిడ, "అయ్యబాబోయ్, ఇవి మా పొట్టిక్కలే కదండీ" అంది. కోనసీమలో పనసాకులతో బుట్టలు కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వీళ్లది వెదురు ఆకు, జిగట బియ్యం. ఆవిడ ముచ్చటపడి చెయ్యి చాచేసరికి అమ్మే ముసలావిడే హిందీలో, "ఇందులో పంది మాంసం ఉందమ్మా, మీరు తింటారా?" అని అడిగింది. మన ముఖాలు చూసే అడుగుతారు. చికెన్ గిన్నె వేరు, పంది గిన్నె వేరు, అడిగితే మూత తీసి చూపిస్తారు. తిననివాళ్లు ఆ మొహమాటం లేకుండా అడిగేయండి.

చేప ఉండల సూపు గురించి ఒక మాట. కారం ఉండదు, పులుపు ఉండదు, మసాలా లేదు. పలచటి నీళ్లలో తెల్లటి ఉండలు, పైన ఉల్లి కాడలు. మా ఆవిడ రెండు చెంచాలు తాగి, ఇది జ్వరం వచ్చినవాళ్లకి ఇచ్చేదా అని అడిగింది. నాకు మాత్రం నచ్చింది. చలికాలం పొద్దున, కడుపులోకి వెచ్చగా దిగుతుంది. చేప తాజాగా లేకపోతే ఈ సూపు చెయ్యలేరు, దాచడానికి మసాలా లేదు కదా. సప్లై డిపోలో సరుకు పరీక్ష చేసినవాడిగా ఈ సంగతి నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇద్దరికీ కలిపి రెండు వందల్లోపే అయింది.

తిన్నాక వెంటనే వెనక్కి రాకండి. ఆ సందుల్లో చైనా వాళ్ల గుళ్లున్నాయి. వాటి బోర్డుల మీద చర్చి అని ఉంటుంది. సీ ఇప్ చర్చి, టూంగ్ ఆన్ చర్చి, ఇలాగ. ఏసుప్రభువు ఉండడు. ఇంగ్లీషువాడు దేవుడి ఇల్లు ఏదైనా చర్చి అనేశాడు, ఆ పేరు నిలిచిపోయింది. సీ ఇప్ 1905లో కట్టింది. టూంగ్ ఆన్ గుడి కిందనే ఒకప్పుడు నాన్‌కింగ్ అనే పెద్ద హోటల్ ఉండేది, దొరలూ సినిమావాళ్లూ వచ్చేవారు, ఎప్పుడో మూతపడింది. మన సికింద్రాబాద్ పార్క్ లేన్ నాన్‌కింగ్ వేరు. అది తెలియని ఫౌజీ మనలో ఉండడు. ఈ గుళ్లలో క్వాన్ టీ అనే దేవుడు కనిపిస్తాడు. ఎర్రటి ముఖం, పొడుగు గడ్డం. ఆయన 1800 ఏళ్ల కిందటి సేనాపతి, మాట తప్పనివాడని పేరు. చచ్చాక దేవుడయ్యాడు. మన ఫౌజులో మాత్రం తక్కువా? నాథూలా దారిలో బాబా హర్భజన్ సింగ్ గారి మందిరం ముందు ఆగి దణ్ణం పెట్టని బండి ఉందా? ఆ గుళ్లో నిలబడితే నాకు అదే గుర్తొచ్చింది.

చైనా వాళ్లు కలకత్తా ఎందుకొచ్చారు, ఎప్పుడొచ్చారు అంటే, మొదట వచ్చినవాడు ఆచియూ. వారెన్ హేస్టింగ్స్ కాలం. బజ్‌బజ్ దగ్గర హుగ్లీ ఒడ్డున భూమి ఇస్తే చెరకు వేసి పంచదార మిల్లు పెట్టాడు. ఆ ఊరిని ఇప్పటికీ ఆచీపూర్ అంటారు. నది ఒడ్డున ఎర్ర రంగు సమాధి ఉంది, చైనా కొత్త సంవత్సరం రోజుల్లో కలకత్తా చైనావాళ్లంతా అక్కడికి వెళ్లి మొక్కి వస్తారు. ఆ తరువాత తండోపతండాలుగా వచ్చారు. కాంటన్ వాళ్లు వడ్రంగులు, ఓడల పని. హూపే వాళ్లు పళ్లు కట్టేవాళ్లు. పాత హైదరాబాదులో చైనా పళ్ల డాక్టర్లు పెద్దవాళ్లకు గుర్తుండాలి. హక్కా వాళ్లు తోలు పని, చెప్పుల పని. ఈ హక్కా పేరే మనం తినే హక్కా నూడుల్స్‌కు వచ్చింది. అది మనుషుల పేరని నాకు చాలాకాలం వరకు తెలియదు, వండే పద్ధతి అనుకునేవాణ్ణి.

తోలు పని మన దేశంలో ఎవరు చేస్తారో, చేసినవాళ్లను మనం ఎక్కడ కూర్చోబెట్టామో మీకు నేను చెప్పక్కర్లేదు. హక్కా వాళ్లకు ఆ పట్టింపు లేదు. 1910 ప్రాంతం నుంచి ఊరికి దూరంగా ట్యాంగ్రా చిత్తడి నేలలో తోలు కార్ఖానాలు పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం బూట్లకు తోలు గిరాకీ పెరిగి బాగా సంపాదించారు. మన తాతలు బర్మా యుద్ధంలో తొడిగిన బూట్లలో ట్యాంగ్రా తోలు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఒక దశలో అక్కడ మూడు వందలకు పైగా కార్ఖానాలు ఉండేవి.

నేను ట్యాంగ్రా మొదటిసారి చూసింది 1994లో. తేజ్‌పూర్ వైపు నుంచి సెలవు మీద వస్తూ హౌరాలో రైలు మర్నాటికి దొరికింది. నాతో మా యూనిట్ మిజో హవల్దార్ ఉన్నాడు. వాడు లాక్కెళ్లాడు. ట్యాక్సీ దిగకముందే వాసన. పచ్చి తోళ్ల వాసన, సున్నం వాసన, మురుగు వాసన కలిసి ముక్కు పగిలిపోయింది. ఇక్కడ తినడమేమిట్రా అన్నాను. పెద్ద ఇనుప గేటు, లోపల ఒక పక్క తోళ్లు ఆరేసి ఉన్నాయి, ఇంకో పక్క హాల్లో గుండ్రటి బల్లలు. చిల్లీ చికెన్ వచ్చింది. పచ్చిమిర్చి కారం, వెల్లుల్లి, సోయా ఉప్పదనం, సన్నటి మంట వాసన. ఒక ప్లేటు అంటే ముగ్గురికి సరిపోయేంత. తోలు వాసన ఏమైందో తెలియదు. వంటింట్లోకి తొంగి చూశాను, వృత్తి బుద్ధి. పల్చటి ఇనుప కడాయి, కింద గాలి కొట్టి మండించే పొయ్యి, మంట కడాయి అంచు దాటి పైకి లేస్తోంది. రెండు మూడు నిమిషాల్లో ఒక వంటకం దిగిపోతోంది. మన లంగర్‌లో ఆ మంట పెడితే వంటవాడికి పెషీ ఖాయం.

ఆ మిజో హవల్దార్ సంగతి ఒకటి చెప్పాలి. అదే ప్రయాణంలో వేరే ఒక పెద్ద ఊళ్లో, ఏ ఊరో చెప్పను, లాడ్జిలో గది అడిగితే కౌంటర్ మీద మనిషి వాడి ముఖం చూసి పాస్‌పోర్టు అడిగాడు. నన్ను అడగలేదు. వాడు ఏమీ మాట్లాడకుండా ఐ-కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పటికి వాడి సర్వీసు పద్నాలుగేళ్లు. మన గూర్ఖా, నాగా, మణిపూర్, అరుణాచల్ జవాన్లలో ఇలాంటిది ఎదురవని మనిషి ఉంటే చెప్పండి. ముఖం చూసి దేశం తేల్చేసే అలవాటు మనలో ఎంత లోతుగా ఉందో నాకు ఆ కౌంటర్ దగ్గర అర్థమైంది. ట్యాంగ్రా వాళ్లు ఆ అలవాటుకు ఏ ధర కట్టారో అప్పటికి నాకు తెలియదు.

అది తెలిసింది 2024లో. ఇప్పుడు ట్యాంగ్రాలో ఆ వాసన లేదు. 1996లో సుప్రీం కోర్టు కాలుష్యం కేసులో తోలు కార్ఖానాలు ఊరు బయటికి వెళ్లాలని తీర్పిచ్చింది, బాంతలా దగ్గర తోలు పరిశ్రమకు చోటిచ్చారు. కొందరు అటు వెళ్లారు, కొందరు కార్ఖానాలనే హోటళ్లుగా మార్చుకున్నారు, చాలామంది కెనడా వెళ్లిపోయారు. టొరంటోలో హక్కా హోటళ్లంటే మన చిల్లీ చికెన్ దొరికే హోటళ్లే, అక్కడి మన పిల్లలు ఆదివారాలు అక్కడే ఉంటారు. ట్యాంగ్రాలో చైనీస్ భాషలో ఒక దినపత్రిక వచ్చేది, కోవిడ్ రోజుల్లో ఆగిపోయింది. ఒకప్పుడు కలకత్తాలో ఇరవై వేల దాకా ఉన్న చైనా సంతతి ఇప్పుడు రెండు వేలకు అటూ ఇటూ అంటారు. అక్కడ ఒక కాళీమాత గుడి ఉంది, చైనా వాళ్లే చూసుకుంటారు. ప్రసాదం నూడుల్స్. మా ఆవిడ మొదట నవ్వింది, తరువాత కళ్లకద్దుకుని తింది. మన దగ్గర అమ్మవారికి కల్లు, కోడి పెడతాం, అక్కడ నూడుల్స్ పెడితే తల్లి కాదంటుందా?

మధ్యాహ్నం భోజనం చేసిన హోటల్లో గల్లా దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. బిల్లు కడుతూ మాటల్లో ఫౌజులో చేశానన్నాను. ఎక్కడ అన్నాడు. చివర్లో తవాంగ్ అన్నాను. ఆయన కాసేపు నా వైపు చూసి, మా ఇల్లు అస్సాంలో ఉండేది అన్నాడు. అప్పుడు కూర్చోమన్నాడు.

మీ అందరికీ 1962 తెలుసు. అక్టోబరు 20 నుంచి నవంబరు 21 దాకా. 1,383 మంది పోయారు, దాదాపు 1,700 మంది జాడ తెలియలేదు, 3,900 మందికి పైగా బందీలయ్యారు. బుమ్ లా దగ్గర సుబేదార్ జోగిందర్ సింగ్ గారు, మనలాంటి జేసీఓ, పరమవీర చక్ర. నూరానాంగ్‌లో జస్వంత్ సింగ్ రావత్. జస్వంత్‌గఢ్ దగ్గర కాన్వాయ్ ఆపి టీ తాగకుండా నేను ఎప్పుడూ ముందుకు పోలేదు. ఇదంతా మన పాఠం. అదే నవంబరులో ఇంకొకటి జరిగింది, అది మన పాఠాల్లో లేదు. అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ ప్రాంతాల్లో చైనా సంతతి కుటుంబాలను పోలీసులు ఇళ్లలోంచి తీసుకెళ్లి ప్రత్యేక రైళ్లలో రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపుకు పంపారు. సుమారు మూడు వేలమంది. ముసలివాళ్లు, బాలింతలు, బడి పిల్లలు. చాలామంది ఇక్కడ పుట్టినవాళ్లు. కేసు లేదు, విచారణ లేదు. కొందరిని 1963లో చైనా పంపిన ఓడల్లో మద్రాసు రేవు నుంచి పంపేశారు. వాళ్లలో ఎంతోమంది చైనా ముఖం అంతకుముందు చూసి ఎరగరు. చివరివాళ్లు దేవళీ నుంచి బయటికి వచ్చింది 1967లో. దేవళీ అంటే మనలో సీఐఎస్ఎఫ్ వాళ్లకు శిక్షణ కేంద్రంగా తెలుసు. అస్సామీ రచయిత్రి రీటా చౌధురి 2010లో 'మాకాం' అనే నవలలో ఈ కథ రాశాక చాలామందికి తెలిసింది.

ఆ పెద్దాయనకు అప్పుడు ఏడేళ్లు. ఏడు రోజుల రైలు ప్రయాణం గుర్తుందన్నాడు. మొదటిసారి ఒంటెను చూసి తమ్ముడూ తానూ భయపడ్డారట. కోపంగా చెప్పలేదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. నేను సప్లై వాణ్ణి కదా, తిండి ఎలా ఉండేదని అడిగాను. మొదట క్యాంపులో వండి పెట్టేవారట, తరువాత రేషన్ ఇచ్చి వండుకోమన్నారట. గోధుమపిండి ఇచ్చారట. రొట్టెలు చెయ్యడం వాళ్లమ్మకు రాదు. పిండి కలిపి, పలచగా వత్తి, కత్తితో సన్నగా కోసి నూడుల్స్ చేసి ఉడకబెట్టేదట. సాసు లేదు, ఉప్పూ ఎండుమిర్చీ. ఇప్పుడు నా హోటల్లో నూరు రకాలున్నాయి, ఆ రుచి రాదు అన్నాడు. తిరిగొచ్చేసరికి అస్సాంలో ఇల్లు లేదు, దుకాణం లేదు. బంధువుల తోలు కార్ఖానాలో పనికి చేరాడు. ఎన్నో ఏళ్లు ఊరు దాటాలంటే అనుమతి, ఏటా పరాయి దేశస్తుల ఆఫీసులో హాజరు. 2020లో మళ్లీ ఏమవుతుందోనని పిల్లలు భయపడ్డారట. ఆ నెలలో ట్యాంగ్రా చైనా సంతతి వాళ్లు భారత సైన్యానికి మద్దతుగా బ్యానర్లు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు, పత్రికల్లో మీరూ చూసి ఉంటారు. మన ఇళ్లలో ఎవరం ఆ పని చెయ్యలేదు. మనల్ని ఎవరూ అడగరు కదా.

మీలో కొందరికి ఈ మాటలు నచ్చకపోవచ్చు. యుద్ధం జరుగుతున్నప్పుడు ప్రభుత్వం ఊరుకుంటుందా, లోపల గూఢచారి ఉంటే ఎలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఒక మనిషి మీద అనుమానం ఉంటే పట్టుకోండి, విచారించండి, ఉరి తియ్యండి. ఏడేళ్ల పిల్లాడి మీద ఏమనుమానం? అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సంతతి వాళ్లను లక్షా ఇరవై వేలమందిని ఇలాగే క్యాంపుల్లో పెట్టి, 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పి డబ్బు కూడా ఇచ్చింది. దేవళీ వాళ్లకు ఆ మాట ఇంకా అందలేదు. కెనడాలో ఉన్నవాళ్లు 2017లో మన హైకమిషన్‌కు ఉత్తరం పట్టుకెళ్లారు. డబ్బు అడగలేదు, ఒక మాట అడిగారు. గుర్తు తెలియని బాంకర్‌లో పడి ఉన్న ఒక జవానుకు వాళ్లిచ్చిన క్షమాపణ గానీ, మనం వాళ్లకిచ్చిన క్షమాపణ గానీ అడ్డం రాదని నా అభిప్రాయం. రెండూ వేర్వేరు ఖాతాలు. స్టోర్ లెడ్జర్ రాసినవాడికి ఆ తేడా తెలుస్తుంది.

నాకు ఇది ఎందుకింత తగిలిందంటే మాది శ్రీకాకుళం. మా వైపు రంగం వెళ్లని ఇల్లు తక్కువ. రంగం అంటే రంగూన్. మా అమ్మమ్మ అన్నదమ్ములు అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో పనిచేశారు. 1942లో జపాను వాడు వస్తే అడవుల్లో నడిచి వచ్చినవాళ్లు కొందరు. మిగిలినవాళ్లు అక్కడే ఉండిపోయారు, పిల్లలు అక్కడే పుట్టారు, బర్మా భాషే మాట్లాడారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసి మీ దేశం పొండి అంటే ఓడలెక్కి చేతులూపుకుంటూ వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఆ పిల్లలకు ఆంధ్ర ఎలా పరాయిదో, మద్రాసులో ఓడెక్కిన ఆ చైనా పిల్లలకు చైనా అలాగే పరాయిది. మా చినతాత ఇంట్లో రంగం నుంచి తెచ్చిన లక్క గిన్నె ఒకటి ఉండేది, అందులో ఎవరినీ ఏమీ తిననిచ్చేవాడు కాదు.

బిల్లు సంగతి మర్చిపోయాను. ఫౌజీ అని తెలిసి తగ్గిస్తాడేమోనని మా ఆవిడ ఆశపడింది. పైసా తగ్గించలేదు. క్యాంటీన్ కార్డు అక్కడ పనికిరాదు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక సీసా పచ్చిమిర్చి సాసు ఇచ్చి, దాని డబ్బు కూడా తీసుకున్నాడు. టిరెట్టా బజార్‌లో ఈ సాసులు చేసే పాత కంపెనీలు పౌ చాంగ్, సింగ్ చ్యూంగ్ ఉన్నాయి, 1950ల నాటివి, కొనుక్కోవచ్చు. రైల్లో సీసా నిలువుగా పెట్టండి, లేకపోతే బట్టలన్నీ వెల్లుల్లి.

ఇక చివరి విషయం. మన సంఘం తరఫున వచ్చే చలికాలంలో కలకత్తా వెళ్దామని కమిటీ అనుకుంటోంది. ఫోర్ట్ విలియం, ఇప్పుడు దాన్ని విజయ్ దుర్గ్ అంటున్నారు, బయటినుంచైనా చూద్దాం. దక్షిణేశ్వరం, బేలూరు ఎలాగూ ఉంటాయి. ఆదివారం పొద్దున టిరెట్టా, మధ్యాహ్నం ట్యాంగ్రా నా బాధ్యత. వీలైతే చైనా కొత్త సంవత్సరం రోజుల్లోనే వెళ్దాం, సింహం వేషాలు కట్టి డప్పులతో వీధుల్లో ఆడతారు, పిల్లలకు బాగుంటుంది. శాకాహారులు ఎంతమంది, చికెన్ వరకే తినేవాళ్లు ఎంతమంది, అన్నీ తినేవాళ్లు ఎంతమంది అన్నది పేర్లతో సహా కోశాధికారి గారికి ముందుగా రాసివ్వండి. రేషన్ స్ట్రెంత్ తెలియకుండా నేను ఎక్కడికీ బయల్దేరను.

భోజనాలు సిద్ధమైనట్టున్నాయి, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఈ ఏడు పిల్లల బల్ల మీద నూడుల్స్ ఉన్నాయని ఇందాకే చూశాను. జై హింద్.